మలాయి కడుపు

యశోదకు భయాలు చాలా. బల్లి అంటే భయం, లిఫ్టు అంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే భయం. మా మొఘల్‌పురా గల్లీలో కరెంటు పోతే కొవ్వొత్తి వెతుక్కోదు, మా మేడ మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. అలాంటి మనిషి, పెళ్లి బరాత్‌లో ఒక పక్క బ్యాండువాళ్లు చెవులు పగలగొడుతుంటే, ఇంకో పక్క టపాసుల లడీ పేలుతుంటే, ముందుకాళ్లు పైకెత్తిన తెల్ల గుర్రం మెడ కిందికి దూరి, దాని చెవిలో ఏదో గొణిగి కిందికి దింపుతుంది. పైన ముఖానికి కట్టిన పూల సెహరా జారిపోయి, ముఖం పాలిపోయి వేలాడుతున్న పెళ్లికొడుకుతో "ఏం గాలే కొడుకా, గట్టిగ కూసో" అంటుంది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో ఎదురింటి మేడ మీద ఇన్నేళ్లుగా ఉంటున్న నాకే అర్థం కాలేదు. మొన్నీమధ్యే అర్థమైంది.

నా పేరు హైమవతి. తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చి, ప్రభుత్వ ఆఫీసులో టైపు కొట్టీ కొట్టీ రిటైరయ్యాను. మావాళ్లందరూ "ఇంకా ఆ పాతబస్తీలోనే ఏం పని?" అని దెప్పుతుంటారు. యశోద ఇంటి గేదె పాల కోసం ఉంటున్నానని చెబుతాను. నిజానికి యశోద కోసమే, కానీ ఆ మాట ఆమె ముందు అంటే నెత్తికెక్కుతుంది.

మా ఇద్దరికీ ఒక్కసారే పెద్ద గొడవైంది. అదీ ఒక గాజు గోలీ మీద. యశోద భర్త బుచ్చయ్య లాడ్ బజారులో ఆకుపచ్చ గాజు గోలీలు రెండు కొనుక్కొచ్చాడు. నిమ్మకాయకు కొంచెం తక్కువ సైజు. వాటిని టీవీ మీద పెట్టుకున్నారు. ఒకరోజు ఒక గోలీ కనబడలేదు. అప్పుడు మా అబ్బాయి లక్ష్మీకాంత్ చిన్నవాడు, వాళ్లింట్లోనే ఆడుకునేవాడు. "మీ పోరడే తీసిండు" అంది యశోద. నాకు ఒళ్లు మండింది. పాలు మానేసి, ప్యాకెట్ పాలతో నీళ్ల కాఫీ తాగాను గానీ ఆ గుమ్మం తొక్కలేదు. చివరికి బుచ్చయ్యే పాలచెంబు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "గాజు గోలీకి గింత లొల్లి ఎందుకక్కా, పోనియ్యిండ్రి" అని బతిమాలాడు. తలెత్తి నా ముఖం చూడలేకపోయాడు. పెళ్లాం తరఫున సిగ్గుపడుతున్నాడు పాపం అనుకున్నాను.

వాళ్లది తాతల నాటి పాడి ఇల్లు. గేదెలు తప్ప ఇంకోటి ఎరగరు. బుచ్చయ్యే ఎక్కడో పెళ్లిలో గుర్రాన్ని చూసి మనసు పారేసుకుని, ఒక ఆడ గుర్రప్పిల్లను కొనుక్కొచ్చాడు. పాలవాళ్లకు గుర్రమేందని గల్లీ గల్లీ నవ్వింది. మీగడ రంగులో ఉందని యశోద దానికి మలాయి అని పేరు పెట్టింది. తెచ్చింది బుచ్చయ్య అయినా మలాయి మాత్రం ఆయన మాట లెక్కచేసేది కాదు. యశోద "రా బిడ్డా" అంటేనే కదిలేది. అలా ఒక ఆడమనిషి చీర కొంగు దోపి, గుర్రం పగ్గం పట్టి బరాత్ నడిపించడం మొదలైంది. మొదట్లో వింతగా చూసినవాళ్లే తరవాత యశోదమ్మ ఘోడీయే కావాలని అడిగి పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర ఘోరం జరిగింది. మలాయి ఎద మీద ఉంది. ఎదురుగా ఇంకో బరాత్ వచ్చింది, దాంట్లోది మగగుర్రం. మలాయి తోక ఎత్తి, నడిరోడ్డు మీద మొండికేసి, అటు లాగింది. యశోద పగ్గం వదల్లేదు. గుర్రం ఒక్క విసురు విసిరితే పోయి డివైడర్ మీద పడింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి బయట బుచ్చయ్య గోడకు తల ఆనించి నిలబడి ఉంటే నేనే టీ తాగించాను. కట్టు విప్పిన మర్నాడే యశోద మళ్లీ పగ్గం పట్టింది. ఎంత చెప్పినా వినలేదు. చిత్రమేమిటంటే ఆ తరవాత మలాయి కూడా మెత్తబడింది. తోక ఎత్తడం, సకిలించడం, అన్నీ తగ్గాయి. యశోద ప్రేమకే గుర్రం దారికొచ్చిందని గల్లీ అంతా చెప్పుకుంది. నేనూ చెప్పుకున్నాను.

బుచ్చయ్య గుండెపోటుతో పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు బేరాలు మాట్లాడేది అతని తమ్ముడు రామ్‌చందర్. గుర్రంలో అతనికీ సగం భాగం ఉంది. అసలు చిక్కు పెళ్లివాళ్ల దగ్గర మొదలైంది. వీళ్ల గుర్రాన్ని పిలిచే కొన్ని కుటుంబాల్లో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు ఎక్కే ముందు అతని అక్కచెల్లెళ్లు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు తినిపించి, దాని కడుపు తడుముతారు. ఎన్ని పిల్లల్ని కన్నదని అడుగుతారు. మలాయి వయసు పెరిగేకొద్దీ ఆ ప్రశ్నకు యశోద నీళ్లు నమలడం ఎక్కువైంది. ఒక ఇంట్లో ముసలావిడ "ఘోడీ బాంజ్ తో నహీ?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి ముస్తాబు చేసిన గుర్రాన్ని గుమ్మం నుంచే తిప్పి పంపింది. గొడ్డు గుర్రం అనే మాట ఒక్కసారి బయటికి పొక్కితే ఇక ఆ గుర్రాన్ని ఎవరూ పిలవరు.

పోయిన చలికాలం మలాయిని ఊరి బయట ఒక ఫారంలో మగగుర్రం దగ్గరికి తీసుకెళ్లారు. కొన్నాళ్లకు స్కానింగ్ మిషన్ పట్టుకుని తిరిగే ఒకతను వచ్చి, తెర మీద నల్లటి గుండ్రటి మచ్చ చూపించి ముబారక్ చెప్పాడు. మళ్లీ ఫారానికి తీసుకెళితే మలాయి మగగుర్రాన్ని దగ్గరికే రానివ్వలేదు. చూలు నిలిచిందనడానికి అదే గుర్తన్నారు. యశోద గల్లీ అంతా జిలేబీ పంచింది. అక్కడి నుంచి నెలలు గడిచాయి. కడుపు మాత్రం రాలేదు.

చివరికి రామ్‌చందర్ తేల్చేశాడు. "వదినా, శుక్రవారం మంచి డాక్టర్‌కు సూపియ్యి. కడుపు లేదంటే ఆదివారం బండొస్తది. నేను మాట్లాడిన."

ఆ బండివాడి పేరు చెబితేనే గుర్రాలవాళ్లు మాట మారుస్తారు. అతను తోలుకుపోయిన గుర్రం మళ్లీ ఎవరికీ కనబడలేదు.

యశోద ఆ సాయంత్రం మా మెట్లెక్కి వచ్చింది. కరెంటు ఉంది. అయినా వచ్చి నన్ను ఒరుసుకుని కూర్చుంది.

"అక్కా, సూపియ్యకపోతే ఏమైతది?"

"చూపించకపోతే ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెల్వకపోతే లేదని గూడ ఎవ్వలు అనరు గదా!"

నవ్వబోయాను, నవ్వు రాలేదు. "నాకు భయమైతుందక్కా. డాక్టర్ నోట్లకెల్లి ఒక్క మాటొస్తే నా బిడ్డను బండెక్కిస్తరు" అంది. మా అన్నయ్య కూతురు మైథిలి పశువుల డాక్టరు, గుర్రాల మీదే ప్రత్యేకంగా చదివింది. ఆమెను రమ్మన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రమ్మన్నాం. ఆ వేళ గల్లీలో మగవాళ్లందరూ నమాజుకు పోతారు, దుకాణాలు సగం మూసి ఉంటాయి. చూసే కళ్లు తక్కువ. మైథిలి బండి దిగగానే యశోద వాకిలి తలుపు గడియ పెట్టేసింది.

మైథిలి ముందు మలాయి తోకను గుడ్డతో చుట్టి, వెనక భాగమంతా కడిగి పరిశీలించింది. మత్తు సూది కొంచెంగా ఇచ్చింది. సూది చూడగానే యశోద కళ్లు మూసుకుంది. తరవాత మైథిలి భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, దానికి జారుడు మందు పూసుకుంది.

"స్కానింగ్ ముక్క చేత్తో పట్టుకుని పేడ దారిలోంచి పోనిస్తానమ్మా. గర్భసంచి దాని కిందే ఉంటుంది, పైనుంచి తడిమి చూడాలి. మధ్యలో గోడ చాలా పలచన. ఇది ఒక్కసారి గట్టిగా ముక్కినా, పక్కకి దూకినా అది చిరుగుతుంది. చిరిగితే బతకడం కష్టం. తల గట్టిగా పట్టుకోండి."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. యశోద పెదాలు తెల్లబడ్డాయి. అయినా పగ్గం పట్టుకుని మలాయి నుదుటికి నుదురు ఆనించి, "ఏం గాలే బిడ్డా, ఏం గాలే" అని మొదలుపెట్టింది. ఆ మాట మలాయికి చెబుతోందో, తనకు చెప్పుకుంటోందో తెలియలేదు. ఎండ పడితే తెర కనబడదని మిషన్ మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి అంచు నన్ను పట్టుకోమన్నారు. మలాయి ఒకసారి వెనక కాలు నేలకేసి కొట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైథిలి చెయ్యి కదపకుండా అలాగే ఆగి, మలాయి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టింది.

చెయ్యి ఒకచోట ఆగిపోయింది. తెర మీద గుండ్రంగా నల్లటి మచ్చ కనిపించింది.

యశోద తొంగి చూసి "గదే! గదే గుండ్రం! ఉన్నది డాక్టరమ్మా, కడుపు ఉన్నది!" అని అరిచింది. నేనూ "హమ్మయ్య" అన్నాను. మైథిలి ఏమీ అనలేదు. ఆ పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. మంచి మాటైతే ఆగదు. చెడ్డ మాటకే నోరు కట్టుకుంటుంది.

"నిలిచిన కొత్తలో పిండం ఉన్న నీటిబుడగ ఇలాగే కనిపిస్తుంది. నెలలు గడిచాక ఇంతే ఉండదు. పైగా నీటిబుడగ మెత్తగా ఉంటుంది. ఇది గట్టిగా తగులుతోంది. కింద నల్లటి నీడ కూడా పడుతోంది. చూలు లేదమ్మా."

"మరి అదేంటే?" అన్నాను.

"తెలియట్లేదత్తా. గడ్డ కావచ్చు. గడ్డ ఇంత నున్నగా ఉండదు. నాకొక అనుమానం ఉంది, బయటికి తీస్తేగానీ చెప్పలేను."

యశోద పగ్గం వదల్లేదు గానీ నిలబడ్డచోటే కూలబడింది. "గడ్డనా? నా బిడ్డ సస్తదా?" అంది. అమ్మేస్తారన్న భయమే అంతవరకూ పెద్దదనుకుంది. దాన్ని మించినది ఇంకొకటి ఎదురైంది. మైథిలి వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గర్భసంచి ద్వారం తెరుచుకోవడానికి ఒక సూది ఇస్తాననీ, దాంతో గుర్రం ఎదకు వస్తుందనీ, వచ్చే శుక్రవారం వచ్చి దాన్ని బయటికి తీస్తాననీ చెప్పింది. రామ్‌చందర్‌ను బతిమాలి బండిని ఒక వారం ఆపించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ వారం యశోద ఇంట్లో పడుకోలేదు. కొట్టంలోనే మలాయి కాళ్ల దగ్గర గోనెసంచి పరుచుకుని పడుకుంది. బల్లులు తిరిగే కొట్టం అది.

రెండో శుక్రవారం రామ్‌చందర్ కూడా వచ్చి గోడవారగా నిలబడ్డాడు. మలాయి తీరు మారిపోయింది. ఏళ్లుగా మర్చిపోయిన సకిలింపు మళ్లీ మొదలైంది. చెవులు ఆడిస్తోంది, నేల గీరుతోంది. మైథిలి ఒక చెయ్యి పైనుంచి పోనిచ్చి ఆ గట్టిదాన్ని కొద్దికొద్దిగా ద్వారం వైపు నెట్టింది. చాలాసేపు పట్టింది. యశోద కళ్లు గట్టిగా మూసుకుని మలాయి మెడను కరుచుకుని ఉంది. మైథిలి రెండో చేత్తో అందుకుని బయటికి లాగింది. జిగట, చీము కలిసిన ద్రవం బడబడా కారింది. చేతిలోని దాన్ని బకెట్ నీళ్లలో వేస్తే టంగుమంది. కడిగి ఎండలోకి ఎత్తి పట్టింది.

ఆకుపచ్చ గాజు గోలీ.

నేనెంత దుర్మార్గురాలినో చెబుతాను. గుర్రం ప్రాణం గురించి వారం రోజులు వణికినదాన్ని, అది చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మావాడి మీద వేసిన గోలీ!" అని. అంత కోపం ఇన్నేళ్లుగా ఎక్కడ దాక్కుందో తెలియదు. యశోద లేచి లోపలికి పోయింది. టీవీ మీది రెండో గోలీ పట్టుకొచ్చి పక్కన పెట్టింది. రెండూ ఒక్కటే.

"ఇలా గాజు గోలీ లోపల పెట్టే అలవాటు ఉంది. కడుపుతో ఉన్నానని ఒళ్లు భ్రమపడి ఎద ఆగుతుంది. అన్నిటికీ పనిచేయదు. ఒక్కోసారి పనిచేస్తూ చేస్తూ మధ్యలో ఎద వచ్చేస్తుంది. పోయిన చలికాలం అదే జరిగి ఉంటుంది. తరవాత తీసేయాలి, లేకపోతే లోపల పాడవుతుంది. ఎవరు పెట్టించారు దీన్ని?" అంది మైథిలి.

యశోద రామ్‌చందర్ వైపు చూసింది. అతను గోడ దగ్గర చెమటలు కక్కుతున్నాడు.

"నేను గాదు వదినా. అన్న. నేను తోడు పోయిన అంతే."

"ఎందుకు?"

"నీ చెయ్యి ఇరిగినప్పుడు. నువ్వు దవాఖానల ఉన్నవు. అన్న నా కాడికొచ్చి చిన్నపోరని లెక్క ఏడ్చిండు. 'దీన్ని అమ్మితే యశోద మనాదితోని సస్తది, ఉంచుకుంటే ఇదే దాన్ని సంపుతది, ఏం జెయ్యాల్రా' అన్నడు. గుర్రాల పని జేసే ఉస్తాద్ ఒకడున్నడని ఎవరో చెప్తే ఇద్దరం పోయినం. మంచి గోలీ తెమ్మన్నడు ఉస్తాద్. కొన్నొద్దులకు అదే పడిపోతదన్నడు. పడిపోయిందనే అనుకున్నం. వదినకు చెప్పకురా, భయపడ్డనని నవ్వుతది అన్నడు అన్న."

నాకు పాలచెంబు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన బుచ్చయ్య గుర్తొచ్చాడు. నా ముఖం చూడలేకపోయింది పెళ్లాం తరఫున సిగ్గుతో కాదు. అన్నెం పున్నెం ఎరగని పిల్లాడి మీద నింద పడుతుంటే నిజం చెప్పలేకపోయాడు. అంత భయం మోశాడు. యశోద పిరికితనం మీద రోజుకొక జోకు వేసేవాడు, బల్లిని తోకపట్టి విసిరేసేవాడు. ఆయన్ను మేమంతా ధైర్యవంతుడనుకున్నాం.

మైథిలి లోపలంతా మందునీళ్లతో కడిగి, గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క పరీక్షకు తీసుకుంది. పొర ఎంత గట్టిపడిందో ఆ పరీక్షలో తెలుస్తుందట. బాగుంటే చూలు నిలవొచ్చు, లేకపోతే లేదు. యశోద వింటున్నట్టే లేదు. రెండు గోలీలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం పొద్దున బండి గల్లీలోకి వచ్చింది. జరిగినదాంట్లో పడి దాన్ని ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు. వెనక తలుపు ఇనుపగొలుసుల చప్పుడు విని నేను మెట్ల మీది నుంచి పరిగెత్తుకొచ్చాను. రామ్‌చందర్ అప్పటికే వాకిట్లో ఉన్నాడు. బండివాడు లోపలికి తొంగి చూస్తూ "బాంజ్ హై క్యా?" అన్నాడు.

"రిపోర్ట్ రాలే ఇంకా" అన్నాడు రామ్‌చందర్. యశోద వైపు తిరిగి, "వచ్చినంక సూద్దామా వదినా?" అన్నాడు.

"ఏదన్న రానీ. గది మన చేతుల చెడ్డది. ఈడ్నే ఉంటది" అంది యశోద. రామ్‌చందర్ బండివాడి దగ్గరికి నడిచి, వెళ్లిపొమ్మన్నాడు.

అతను విసుక్కుంటూ బండి వెనక్కి తీస్తూ పెద్దగా హారన్ కొట్టాడు. ఎద మీద ఉన్న మలాయి ఒక్కసారిగా ముందుకాళ్లు పైకెత్తింది. కొట్టం కప్పు తగిలేంత ఎత్తుకు లేచింది. తాడు గుంజకు పటపటా కొట్టుకుంది.

యశోద వెనక్కి వచ్చింది.

ఇన్నేళ్లలో మలాయి ముందు ఆమె అడుగు వెనక్కి వేయడం నేను చూడలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కరెంటు పోయినప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"అక్కా, నాకు భయమైతుంది."

"వదిలెయ్ యశోదా, రామ్‌చందర్ పట్టుకుంటాడులే. నువ్వు దూరంగా ఉండు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇన్నొద్దులు నాకు గీ భయం ఎందుకు రాలేదంటే, నా భయం గూడ ఆయనే పడ్డడక్కా" అంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

నా చెయ్యి వదిలింది. కొంగు దోపుకుంది. ఒక్కో అడుగూ వేస్తూ, ముందుకాళ్లు దించి బుస్సుమంటున్న మలాయి దగ్గరికి పోయింది. విరిగి అతికిన ఆ చేత్తోనే తాడు పట్టుకుంది. "ఏం గాలే బిడ్డా" అనబోయింది, మాట రాలేదు. చెయ్యి వణుకుతూనే ఉంది. తాడు మాత్రం వదల్లేదు.